ముగిసిన పత్రం, పెండింగు పత్రం

దేశం పుట్టినప్పుడు రాసుకున్న రెండు పత్రాల్లో ఏది ఎందుకు రాశారో తమ హయాంలోనే తేల్చేస్తామని మంత్రిగారు ప్రకటించారు. ఇన్నాళ్లూ ఎవరూ తేల్చకపోవడం వల్లే దేశం ఇలా ఉందన్నారు. ఎలా ఉందో మాత్రం చెప్పలేదు. పెద్దవాళ్లు అన్నీ చెప్పరు.

అప్పుడు నేను ఆయన గది గుమ్మం పక్క బల్ల మీదే ఉన్నాను. మంత్రిగారి సభలో మా బామ్మర్ది లేచి, కొళాయిలో నీళ్లెప్పుడొస్తాయని అడిగాడు. నీళ్లు రాలేదు గాని పోలీసులు వచ్చారు. వారం గడిచినా కేసు లేదు, జడ్జి ముందు పెట్టిందీ లేదు. మంత్రిగారు ఒక్క ఫోను చేస్తే వదిలేస్తారని అందరూ చెబితే వచ్చాను. "అక్కడైనా నోరు విప్పుతారా, ఇంట్లోలాగే స్తంభంలా కూర్చుంటారా?" అని మా ఆవిడ ముందే అడిగింది.

ఆ ఆఫీసులో ఒక మంచి పద్ధతి ఉంది. ఏ కాగితమైనా ఏ పని మీద వచ్చిందో చూస్తారు. పనైపోతే 'ముగిసింది' అని ముద్ర కొట్టి అటక మీద పడేస్తారు. కాకపోతే పెండింగు. మంత్రిగారు దేశాన్ని కూడా ఆ పద్ధతిలోనే పెట్టారు. ముందు స్వాతంత్ర్య ప్రకటన చేతిలోకి తీసుకున్నారు.

"ఇది దేనికి రాశారయ్యా?"

"పరాయి పాలకుల్ని పొమ్మనడానికి సార్," అన్నారు కార్యదర్శిగారు.

"పోయారా?"

"పోయారు సార్."

"అయితే ముగించెయ్."

చెడ్డ పాలకుల్ని దించే హక్కు ప్రజలకుందని కూడా అందులో ఉందని కార్యదర్శిగారు నసిగారు. పోయినవాళ్లను మళ్లీ దించడం దేనికని మంత్రిగారు అడిగారు. ముద్ర పడింది.

తర్వాత రాజ్యాంగం. అందరికీ న్యాయం, స్వేచ్ఛ, సమానత్వం ఇవ్వడానికి రాశారని కార్యదర్శిగారు విన్నవించారు.

"ఇచ్చామా?"

కార్యదర్శిగారు ఫ్యాను వైపు చూశారు. నేనూ చూశాను. తిరుగుతోంది.

"పెండింగు సార్. మనం పుట్టకముందు నుంచీ."

మంత్రిగారి ముఖం వాడిపోయింది. శాఖ పరువేం కావాలన్నారు. అదే అదను అనుకుని నేను లేచి బామ్మర్ది సంగతి చెప్పాను. ఆయన ఎంతో దయగా విని, వాడు ఏ కాగితం కింద బయటికి రావాలని అడిగారు. పట్టుకున్నవాణ్ణి ఒక రోజులో జడ్జికి చూపించాలని ఆ రెండోదాంట్లోనే ఉందట అన్నాను.

"అది పెండింగులో ఉంది కదయ్యా. తేలనీ," అన్నారు.

తేల్చడానికి పండితులతో కమిటీ వేశారు. బిస్కెట్లు తెప్పించారు. ఆ పండితుల్లో ఒక ముసలి మేష్టారు, మొదటిది ఉమ్మడి కుటుంబంలోంచి వేరుపడుతూ వీధిలో నిలబడి చెప్పిన మాట, రెండోది వేరు కాపురంలో ఎవరి మీదా ఎవరూ చెయ్యెత్తకుండా రాసుకున్న కట్టుబాటు, మొదటిదొక్కటే ఉంటే కాపురం నిలవదు అన్నారు. నాక్కూడా అర్థమైంది. నాలాంటివాడికి అర్థమయ్యేలా మాట్లాడితే కమిటీకేం గౌరవం? మర్నాడు ఆయన కుర్చీ తీసేశారు.

చివరికి దారి మంత్రిగారికే తోచింది. రెండోదాని మీదా 'ముగిసింది' ముద్ర కొట్టెయ్యమన్నారు.

"పని కావాలి కదా సార్?"

"మొన్న రోడ్డెలా అయింది?"

"అలాగే అయింది సార్," అని కార్యదర్శిగారు ముద్ర అందుకున్నారు.

బ్యాండు మేళంతో సభ పెట్టారు. న్యాయం, స్వేచ్ఛ, సమానత్వం అందరికీ అందాయని, ఇక ఎవరికీ ఏదీ బాకీ లేదని మంత్రిగారు ప్రకటించారు. అందరూ అంటే మా బామ్మర్ది కూడానని నేను అరచేతులు ఎర్రబడేలా చప్పట్లు కొట్టాను. ఈ కబురు విన్న మా ఆవిడ, తమ్ముడు మాసిన బట్టల్లో వీధిలోంచి నడిచి రాకూడదని ఉతికిన చొక్కా ఇచ్చి నన్ను స్టేషనుకు తరిమింది.

ఎస్సైగారు కుర్చీ చూపించారు. ఇదివరకు చూపించలేదు. సమానత్వం అందినట్టే ఉంది. చొక్కా ఎవరికని అడిగారు.

"మా బామ్మర్దికండి. అందరికీ స్వేచ్ఛ వచ్చిందట కదా."

"వచ్చింది. పొద్దున్నే ఆర్డరు చేరింది. కాబట్టి లోపల ఎవరూ లేరు."

"మరి తాళం వేసుందండి."

"ఖాళీ గదిని తెరిచి పెట్టుకుంటామా?"

ఆ మాటా నిజమే. చొక్కా మడత సర్దుకుంటూ నిలబడ్డాను. తాళం వెనక మా బామ్మర్ది దగ్గాడు. "బావా" అని కూడా అన్నాడు.

ఎస్సైగారు నా వైపు జాలిగా చూసి, దగ్గు ముదరకముందే డాక్టరుకు చూపించుకోమన్నారు.