ఆకాశం నుంచి చూస్తే మా చెరువు

"ఇకపై కరువును ఎవరూ కాళ్లరిగేలా తిరిగి చూడనక్కర్లేదు. ఆకాశమే చూస్తుంది!" అని మంత్రిగారు మా ఊరి బడి ముందు మైకులో ప్రకటించినప్పుడు నేను మొదటి వరసలోనే ఉన్నాను. గొప్పదాన్నై కాదు. షామియానా కూలితే పారిపోవడానికి అటువైపే దారి ఉంది.

మంత్రిగారిది అంతరిక్ష కరువు శాఖ. ఈమధ్యే పెట్టారు. ఇన్నాళ్లూ ట్యాంకర్ల డీజిలుకూ బోర్ల మరమ్మతుకూ ఇచ్చిన డబ్బంతా భూమ్మీదే ఖర్చయిపోయిందని ఆయన చాలా బాధపడ్డారు. అందుకే ఆ నిధులన్నీ పోగుచేసి 'క్షామదర్శిని' అనే ఉపగ్రహాన్ని ఎగరేశారట. అది ఫొటో తీస్తుంది. ఫొటోలో కరువు కనిపిస్తే ఊరికి ట్యాంకరు వస్తుంది. కనిపించకపోతే రాదు. మధ్యలో మనిషి మాటకు చోటు లేదు. ఇంత నిజాయితీ నేనెక్కడా చూడలేదు.

ఉరవకొండ నుంచి వచ్చే ఆ ట్యాంకరు తప్ప మా వీధికి వేరే నీళ్లు లేవు.

"అన్నా, ఆ ఉపగ్రహం తెగి కింద పడితే?" అని పక్కనున్న వీరేష్‌ను అడిగాను. వీరేష్ మా మండలంలో పార్టీకి అన్నీ తానే.

"ఇంత పెద్ద జిల్లాలో దానికి నీ నెత్తే దొరికినాదా అక్కా? ఊరికే ఉండు."

ఫొటో సోమవారం పొద్దున అన్నారు. ఆదివారమే ఎంపీడీఓ ఓబిలేష్ సారు జీపు దిగారు. మా దగ్గర పైనుంచి ఎవరొచ్చినా ఒక పద్ధతి ఉంది. రోడ్డు ఊడ్చి, రెండు పక్కలా బ్లీచింగ్ పౌడర్ గీతలు గీసి, మేకలను ఊరి బయటికి తోలి, విరిగినవాటి మీద గుడ్డ కప్పుతాం. ఇది అందరికంటే పైనుంచి వస్తోంది కదా, అంతకంటే ఎక్కువే చేయాలి.

"నెర్రెలు విచ్చిన చెరువు దానికి చూపిస్తామా? ఊరి పరువేం కావాల?" అన్నాడు వీరేష్.

ఇంటింటి నుంచీ శెనక్కాయ వాముల మీద కప్పే నీలం పట్టలు తెప్పించి, చెరువు పొడుగునా పరిపించారు.

"సారూ, అది నీళ్లనుకుంటే?"

"అనుకోనీక్కా. చూసేదానికి బాగుంటాది."

"ట్యాంకరు నిలిపేస్తేనో?"

"నువ్వు నోరు తెరిస్తే కీడే. ముందు నీ పట్ట తెచ్చియ్యి."

ఇచ్చాను. దాని చిరుగులోంచి మట్టి కనిపిస్తోందని వీరేష్ పైన ఒక నీలం చీర కప్పించాడు. ఆ చీరా నాదే. గాలికి పట్టలు లేచి పడుతుంటే, "అలలు చూడక్కా, అలలు!" అని మురిసిపోయాడు.

ఫొటోను ఫ్లెక్సీ వేసి పంచాయతీ ఆఫీసుకు కట్టారు. మా చెరువు అంత అందంగా ఉంటుందని అప్పటిదాకా మాకే తెలియదు. కింద 'జలసమృద్ధ గ్రామం' అని రాశారు. ఆ మరుసటి రోజు నుంచి ట్యాంకరు రాలేదు.

ఖాళీ బిందెలతో ఆడవాళ్లమంతా ఓబిలేష్ సారు దగ్గరికి పోయాం.

"సారూ, ఒక్కసారి చెరువు కాడికి వచ్చి చూడు."

"నేను చూడకూడదక్కా. మనిషి చూసింది చెల్లదు."

"పట్టలు పరిపించింది నువ్వే కదా?"

"పరిపించినా. కాదంటాండానా? అయినా దాని మాటే రికార్డు."

"అయితే పట్టలు తీసేస్తాం. మళ్లీ ఫొటో తీయించు."

సారు చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "తీస్తే చెరువు చెరువే మాయమైనట్టు కనపడతాది. దొంగతనం కేసు అయితాది. ఎవరి పేరు రాసుకోమంటావు? నీ పేరా?"

పట్టలు ఎవరూ తీయలేదు.

నా కూతురు గౌతమి ఎనిమిదో తరగతి. రోజూ బడికి ముందు గుట్ట అవతల సుంకప్ప తోటలో బోరు దాకా నడిచి బిందె మోసుకొస్తోంది. ఒకనాడు దారిలో కళ్లు తిరిగి కూలబడిపోయింది. బిందె మాత్రం ఒలకనీయలేదు. నాకు ఆ రాత్రంతా నిద్ర లేదు.

ఇంతలో గాలులు పెరిగాయి. పట్టలు మనిషెత్తు లేచాయి. క్షామదర్శిని కంట ఏదీ దాగదు. అందరి ఫోన్లూ ఒక్కసారే మోగాయి: 'మీ చెరువు ప్రమాద స్థాయి దాటింది.'

ప్రభుత్వం ఈసారి ఒక్క గంట కూడా ఆలస్యం చేయలేదు. మధ్యాహ్నానికల్లా లారీ వచ్చింది. నీళ్లేనని ఊరంతా బిందెలెత్తుకుని పరుగెత్తింది. లారీ నిండా నారింజ రంగు లైఫ్ జాకెట్లున్నాయి. మంత్రిగారే వచ్చి స్వయంగా పంచారు. "ట్యాంకరు లేకపోతే దప్పిక అవుతుంది, అంతే. ఇది లేకపోతే ప్రాణమే పోతుంది. మా ప్రభుత్వానికి ఏది ముందో తెలుసు!" అన్నారు. నేను చప్పట్లు కొట్టాను. వరసలో మొదట నిలబడి ఒకటి తెచ్చుకున్నాను కూడా.

మరునాడు పొద్దున గౌతమికి తొడిగాను.

"మునిగేదానికి నీళ్లు యాడుండాయి మా?"

"నాకేం తెలుసు? పైనుండేది చూసినాదంట. చెయ్యెత్తు."

బెల్టులు గట్టిగా బిగించి, చంకకు బిందె ఇచ్చి సుంకప్ప తోటకు పంపాను. కాస్త దూరమైనా పర్వాలేదు, చెరువు గట్టు మీద నుంచి పోవద్దని, చుట్టూ తిరిగి పొమ్మని మరీమరీ చెప్పాను. పిల్లకు ఈత రాదు.