వెలిగిందా?

ఆ ఉదయం ఆ ఇంట్లో వేసుకున్న పథకం పెద్దదేమీ కాదు. టీ తాగడం, కారు చూసుకోవడం, డ్రైవింగు టెస్టుకి వెళ్ళడం, పాసై ఇంటికి రావడం. టీ, పాసవడం భార్య వంతు. కారు చూసుకోవడం భర్త వంతు. టెస్టుకి మాత్రం ఇద్దరం కలిసే వెళ్ళాలని భర్త పట్టుబట్టాడు.

భార్యని వీధిలో అందరూ నర్సమ్మ అంటారు. ఆస్పత్రిలో ఏళ్ళ తరబడి రాత్రి డ్యూటీలు చేసి విసిగిపోయిన మనిషి. మంచం పట్టిన రోగుల ఇళ్ళకి వెళ్ళి కట్లు మార్చే ఉద్యోగం ఒకటి ఈమధ్యే ఖాళీ అయింది. అంతా పగటి పనే. కాకపోతే కారు తనే నడుపుకుంటూ తిరగాలి. సోమవారానికి లైసెన్సు చూపించకపోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తామని పెద్ద నర్సు ఖరాఖండిగా చెప్పేసింది. ఆ రోజు శుక్రవారం. నర్సమ్మ అప్పటికే ఒకసారి టెస్టు తప్పింది. ఆ టెస్టులో ఆమె కారు వెనక్కి తీస్తుంటే భర్త గోడ పక్కన నిలబడి రెండు చేతులతో సైగలు చేశాడు. కుడిచెయ్యి రమ్మంది, ఎడమచెయ్యి వద్దంది. ఆమె రెండు చేతుల మాటా విని గోడకి ఆనించింది.

భర్త ఇన్‌స్పెక్టరు. అలాగని లాఠీ, టోపీ ఉన్న ఇన్‌స్పెక్టరు కాదు. ఆఫీసుల్లో గోడలకి వేలాడుతుండే నిప్పార్పే ఎర్ర సిలిండర్లని తనిఖీ చేసి, వాటి మెడలో చీటీ కట్టి వచ్చే ఇన్‌స్పెక్టరు. ఆయన చీటీ కట్టిన సిలిండరు ఒక్కటి కూడా ఇంతవరకూ వాడాల్సిన అవసరం రాలేదు. అది తన తనిఖీ మహిమేనని ఆయన గట్టి నమ్మకం.

వాళ్ళకో చిన్న కారు ఉంది. పాతదే, కానీ నడిచిన దానికన్నా తుడిపించుకున్నది ఎక్కువ కాబట్టి కొత్తదానిలా మెరుస్తుంటుంది. ఇన్‌స్పెక్టరు టైర్లలో గాలి తగ్గనివ్వడు. బ్యాటరీలో నీళ్ళు ఇంకనివ్వడు. ఇంజన్ ఆయిలు పుల్ల బయటికి లాగి, డాక్టరు థర్మామీటరు చూసినట్టు వెలుతురులో పెట్టి చూస్తాడు. చీకటి పడితే మాత్రం కారుని గేటు దాటనివ్వడు, దీపాలు ఊరికే అరిగిపోతాయని. పగలు నడిపినా ఆయన వేగానికి బ్రేకుతో పెద్దగా పని పడదు. కాలు తీస్తే చాలు, కారే ఆగుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం బ్రేకు దీపాల తనిఖీ. బ్రేకు తొక్కేవాడు ముందు కూర్చుంటాడు, దీపం వెనక వెలుగుతుంది, కాబట్టి అది ఒక్కడి వల్ల అయ్యేది కాదు. అందుకని రోజూ పొద్దున్నే ఆయన సీట్లో కూర్చుని, బ్రేకు తొక్కి, "వెలిగిందా?" అని కేకేస్తాడు. వంటింటి కిటికీలోంచి కారు వెనకభాగం కనిపిస్తుంది. నర్సమ్మ చూసి "వెలిగింది" అనాలి. పెళ్ళయిన కొత్తలో ఆమె చేతిలో పని ఆపి, కిటికీ దాకా వచ్చి, చూసి చెప్పేది. కొన్నాళ్ళకి ఉన్నచోటి నుంచే తల తిప్పి చెప్పడం మొదలుపెట్టింది. తర్వాత్తర్వాత తల తిప్పడం కూడా మానేసింది. రోజూ వెలిగే దీపం ఇవాళ మాత్రం ఎందుకు వెలగదు, ఆ మాత్రానికి మెడ నొప్పెందుకు అని ఆమె వాదన. ఆ వాదన ఆమె తనలో తనే చేసుకుంది, ఆయనతో ఎప్పుడూ చెయ్యలేదు.

ఆ శుక్రవారం కూడా అంతే జరిగింది. బయటినుంచి "వెలిగిందా?" అని కేక వచ్చేసరికి నర్సమ్మ పళ్ళ మధ్య పిన్ను పెట్టుకుని, అద్దం ముందు జుట్టు సర్దుకుంటోంది. పిన్ను తీయకుండానే "వెలిగింది" అంది.

ఎల్ బోర్డు తగిలించుకుని బయల్దేరారు. ఆమె నడుపుతోంది. ఆయన పక్క సీట్లో స్క్రూడ్రైవర్ల సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, ఆమె కన్నా ముందే గేర్లు మారుస్తున్నాడు, గాలిలో. మార్కెట్టు మలుపు దగ్గర కూరగాయల బండి ఒకటి ఉన్నట్టుండి అడ్డం వచ్చింది. నర్సమ్మ కంగారు పడకుండా, చక్కగా, పుస్తకంలో రాసినట్టే బ్రేకు తొక్కింది. కారు ఆగింది. వెనక వస్తున్న స్కూటరు ఆగలేదు.

దెబ్బ పెద్దది కాదు. స్కూటరు పక్కకి ఒరిగింది. దాని మీదున్న పెద్దాయన లేచి నిలబడ్డాడు. లావుపాటి కళ్ళద్దాలు, చిరిగిన ప్యాంటు మోకాలు, దొర్లిపోతున్న అన్నం డబ్బా. ఇన్‌స్పెక్టరు పరుగున దిగి ముందు కారుని చూశాడు, తర్వాత డబ్బాని చూశాడు, చివరికి మనిషిని చూశాడు. ఎడమవైపు దీపం మీది ఎర్ర మూత పగిలింది.

"దీపం వెలగలేదండీ. వెలిగుంటే ఆగేవాణ్ణి," అన్నాడు పెద్దాయన నెమ్మదిగా.

ఇంటిల్లిపాదినీ తిట్టినా ఇన్‌స్పెక్టరు ఓర్చుకునేవాడేమో. తన దీపాన్ని అనేసరికి ఆయన మొహం కూడా బ్రేకు దీపం రంగులోకి తిరిగింది. ఈ కారు దీపాలు రోజూ తనిఖీ అవుతాయని, ఇవాళ పొద్దున కూడా అయ్యాయని, సాక్షి కూడా ఉందని చెప్పి, కిటికీ దగ్గరికి వంగాడు.

"నువ్వు చెప్పు. పొద్దున వెలిగిందా?"

చుట్టూ జనం పోగయ్యారు. వెనక హారన్లు మోగుతున్నాయి. చూడలేదంటే ఆయన ఇక్కడే, ఈ నడిరోడ్డు మీదే, మళ్ళీ మొదటినుంచీ తనిఖీ మొదలుపెడతాడు. టెస్టు టైము దాటిపోతుంది. సోమవారం వస్తుంది, ఉద్యోగం పోతుంది. ఇదంతా నర్సమ్మ కళ్ళ ముందు గిర్రున తిరిగింది.

"వెలిగింది," అంది.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇన్నేళ్ళ సాధన కదా, అతుకు కనబడనంతగా అతికింది. పెద్దాయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. అయితే తన కళ్ళదే తప్పన్నమాట, ఇంట్లో ఆవిడ చెబుతూనే ఉంది, తనే వినిపించుకోలేదు అని గొణుక్కుని, క్షమించమని ఇద్దరినీ విడివిడిగా అడిగి, డబ్బా ఏరుకుని కుంటుకుంటూ వెళ్ళిపోయాడు. ఇన్‌స్పెక్టరు పెద్దమనసు చేసుకుని క్షమించాడు. నర్సమ్మ పెద్దాయన మోకాలి దగ్గర రక్తం చూసింది. రోజూ పదిమంది గాయాలు తుడిచే తను, ఆ ఒక్క గాయం చూసి కూడా సీట్లోంచి కదలనందుకు ఆమెకి సిగ్గేసింది.

టెస్టు మైదానంలో వీళ్ళ కన్నా ముందే చాలామంది వరసలో ఉన్నారు. ఆఫీసరు కుర్చీ ఖాళీగా ఉంది. కాసేపటికి ఆఫీసరు వచ్చాడు. మోకాలికి చేతిరుమాలు కట్టుకుని, లావుపాటి కళ్ళద్దాలతో, సొట్టపడిన అన్నం డబ్బా పట్టుకుని వచ్చాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నర్సమ్మ స్టీరింగు వెనక ఒదిగిపోయింది. ఇన్‌స్పెక్టరు మాత్రం పొంగిపోయాడు. ఆఫీసరే మనకి తప్పు ఒప్పుకున్నాక ఇక నీ పాసుకి అడ్డేముందని ఆమె చెవిలో ఊదాడు.

ఆఫీసరు కుర్చీలో కూర్చోలేదు. నిలబడే, వరసలో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా చెప్పాడు. ఇవాళ పొద్దున కళ్ళెదుట వెలిగిన దీపం తనకి కనబడలేదట. అలాంటి కళ్ళు పెట్టుకుని ఇంకొకళ్ళ డ్రైవింగు తప్పొప్పులు ఎంచడం న్యాయం కాదట. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళేదాకా సెలవు పెడుతున్నాడట. టెస్టులు వచ్చేవారం వేరే ఆఫీసరు పెడతాడట.

వరస మొత్తం గొల్లుమంది. ఇన్‌స్పెక్టరు మాత్రం, ఈ రోజుల్లో ఇంత నిజాయితీ ఎక్కడుందని పక్కవాడితో అంటున్నాడు. నర్సమ్మకి పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. టెస్టు దక్కించుకుందామని ఆడిన అబద్ధమే టెస్టుని మింగేసింది. పైగా ఓ పెద్దమనిషి లేని గుడ్డితనాన్ని నెత్తినేసుకుని ఇంటికి పోతున్నాడు. ఆమె కారు దిగి ఆఫీసరు ఎదుట నిలబడింది.

"సార్, మీ కళ్ళు బాగానే ఉన్నాయి."

"అదేంటమ్మా, మీరే కదా వెలిగిందన్నారు."

"అన్నాను. కానీ చూడలేదు."

"ఇవాళ చూడలేదా?"

"ఎప్పుడు చూశానో గుర్తులేదండీ."

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. మా ఆవిడ నర్సండీ, మనసు వెన్న, మీరు బాధపడుతుంటే చూడలేక అలా అంటోంది అని సర్దిచెప్పాడు. ఆఫీసరు కూడా అది నిజమేననుకున్నాడు. నర్సులకి ఆ జాలి ఉంటుందమ్మా, కానీ నా కోసం మీరు అబద్ధం ఆడకండి అన్నాడు. వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. ఇన్నేళ్ళు అబద్ధం చెబితే అందరూ నమ్మారు, ఒక్కసారి నిజం చెబితే నమ్మే నాథుడు లేడు.

నర్సమ్మకి ఒళ్ళు మండింది. కారెక్కి, బ్రేకు తొక్కి పట్టుకుని, కావాలంటే ఇప్పుడు చూడండంది. రెండు వైపులా చీకటే. ఇన్‌స్పెక్టరు చలించలేదు. స్కూటరు దెబ్బకి ఫ్యూజు పోయి ఉంటుందని, బల్బు చిట్లి ఉంటుందని, గాజుముక్కలు లోపలే ఉంటాయని, అందరూ చూస్తుండగా విప్పి చూపిస్తానని స్క్రూడ్రైవరు తీశాడు. ఆయన్ని ఎవరూ అడగలేదు. పగిలిన మూత ఊడదీశాడు.

లోపల గాజుముక్కలు లేవు. బల్బూ లేదు. బల్బు ఉండాల్సిన గుంటలో ఒక సాలీడు, చుట్టూ పెద్ద గూడు, గూట్లో గుడ్లు, నిశ్చింతగా కాపురం చేసుకుంటోంది. ఆఫీసరు కళ్ళద్దాలు సర్దుకుని, వంగి, చాలాసేపు చూశాడు.

"కాళ్ళు కూడా కనిపిస్తున్నాయి నాకు," అన్నాడు. "ఇదంతా నేను గుద్దాక కట్టిందంటారా?"

ఇన్‌స్పెక్టరు రెండో మూత విప్పాడు. అందులో సాలీడు లేదు, బల్బు కూడా లేదు. ఆయన దొంగతనం జరిగిందన్నాడు. రాత్రిపూట గోడ దూకిన వాళ్ళ గురించి, పక్కింటివాళ్ళ చూపుల గురించి, పోలీసులకి చెప్పాల్సిన పద్ధతి గురించి ఆయన మాట్లాడుతుంటే, నర్సమ్మ ఆఫీసరు మోకాలికి సరైన కట్టు కడదామని డాష్‌బోర్డు అరలో దూది కోసం వెతికింది. దూది దొరికింది. ఒక మేజోడులో కుక్కి, పైన ముడేసి ఉంది. ఆ మేజోడు ఇన్‌స్పెక్టరుది. ముడి కూడా ఆయనదే, సిలిండర్ల మెడలో చీటీ కట్టే ముడి. విప్పితే దూది మధ్య రెండు బల్బులు భద్రంగా పడుకుని ఉన్నాయి.

తేలు కుట్టిన దొంగలా నిలబడిన ఇన్‌స్పెక్టరుకి అప్పుడు గుర్తొచ్చింది. వానలు మొదలవకముందు దీపాల మూతలు సబ్బుతో కడిగాడు. తడి తగలకూడదని బల్బులు తీసి దాచాడు. మర్నాడు మళ్ళీ పెట్టాలనుకున్నాడు.

"మర్నాడు పొద్దున లేచి అడిగితే నువ్వు వెలిగిందన్నావు కదా," అన్నాడు భార్యతో, చాలా నెమ్మదిగా. "అయితే పెట్టేశాననుకున్నా."

కాపురమన్నాక నమ్మకం ఉండాలంటారు. వీళ్ళ కాపురంలో అది బల్బులతో పనిలేనంత ఉంది. వరసలో వాళ్ళు నవ్వారు. నర్సమ్మకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆఫీసరు మాత్రం నవ్వలేదు. ఆయన తన కళ్ళు తనకి తిరిగొచ్చిన ఆనందంలో, దూరంగా గోడ మీదున్న అక్షరాలన్నీ చదువుకుంటున్నాడు. మోకాలికి ఆమె కట్టు కడుతున్నంతసేపూ చదువుతూనే ఉన్నాడు.

బల్బులు బిగించారు. సాలీడుని గూటితో సహా మైదానం గోడ మీదికి సాగనంపారు. నర్సమ్మ బ్రేకు తొక్కితే ఆఫీసరే వెనక్కి వెళ్ళి, వంగి, తనివితీరా చూసి, "వెలిగింది" అన్నాడు. ఆ మాట చూసి చెబితే ఎలా ఉంటుందో ఆమె చాలా ఏళ్ళకి విన్నది. కుర్చీలో కూర్చుని ఆయన టెస్టులు మొదలుపెట్టాడు. ఆమె వంతు వచ్చినప్పుడు ఇన్‌స్పెక్టరుని గోడవైపు తిరిగి, చేతులు జేబుల్లో పెట్టుకోమన్నాడు. సైగలు లేకపోయేసరికి కారు వెనక్కి తిన్నగా వెళ్ళింది. లైసెన్సు చేతికి ఇస్తూ ఆఫీసరు, ఉద్యోగానికి వెళ్ళే ముందు రోజూ దీపాలు చూసుకోమన్నాడు. చూసుకోమన్న మాటని కాస్త ఒత్తి పలికాడు.

ఇన్‌స్పెక్టరుకి బుద్ధొచ్చింది. ఇకనుంచి నువ్వు తొక్కు, నేను స్వయంగా వెనక నిలబడి చూస్తానని ఒట్టు పెట్టుకున్నాడు. శనివారం కారు వెనక మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. ఆదివారం నిలబడి చూశాడు.

సోమవారం పొద్దున నర్సమ్మ మందుల సంచీ పక్క సీట్లో పెట్టుకుని, సీటు ముందుకి జరుపుకుని, అద్దం సర్దుకుంది. కొత్త ఉద్యోగం, ఎండ ఇంకా ఎక్కలేదు, మనసు తేలిగ్గా ఉంది. అద్దంలో వరండా కనిపించింది. ఇన్‌స్పెక్టరు మొహం నిండా నురగ పూసుకుని, వీపు ఇటు తిప్పి గెడ్డం గీసుకుంటున్నాడు. ఆమె కాసేపు ఆ వీపునే చూసి, కిటికీలోంచి తల బయటపెట్టి, "వెలిగిందా?" అని కేకేసింది.

"వెలిగింది," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

నర్సమ్మ ఇంకా బ్రేకు మీద కాలు పెట్టలేదు.