కలకత్తా కారు, కనిపించని ఇంజన్

సిద్దిపేటలో బుర్ర ఉన్నవాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకడు డిటెక్టివ్ రాంచందర్. ఈ మాట వాడే చెప్పుకుంటాడు. రెండోవాడిని నేను. నా సంగతి నేను చెప్పుకోకపోతే చెప్పే దిక్కు లేదు కాబట్టి చెబుతున్నాను. బండ్ల విషయంలో ఈ దేవదాసును మోసం చేయగలిగినవాడు ఇంకా తల్లి కడుపులోనే ఉన్నాడు. మలుపు అవతల హారన్ మోగితే చాలు, అది ఏ బండి, టైర్లలో గాలి ఎంత, నడిపేవాడు పొద్దున తిన్నది సర్వపిండా ఉప్మానా అన్నది కూడా చెప్పేస్తాను.

ఇక రాంచందర్. పగలు మిక్సీలు బాగుచేస్తాడు. వాడు బాగుచేసిన మిక్సీ మళ్ళీ తిరిగిందని నేనెక్కడా వినలేదు. మిగిలిన వేళల్లో నేరాలు పరిశోధిస్తాడు. సిద్దిపేటలో సరిపడా నేరాలు జరగడం లేదని వాడికి చాలా బెంగ. ఎండలు మండుతున్నా నల్లకోటు విప్పడు. కళ్ళకు నల్లద్దాలు, చేతిలో జాతకాలు చెప్పే ఒకాయన వాడి పారేసిన భూతద్దం. నల్లద్దాలలోంచి భూతద్దం పెట్టి చూస్తాడు గనుక వాడికి ఎప్పుడు చూసినా పెద్ద చీకటి ఒకటి కనిపిస్తుంది.

మా ఇద్దరి అడ్డా లక్ష్మీరాజం టెంట్ హౌస్. కుర్చీలు కిరాయికి పోని రోజున కూర్చుంటాం, పోయిన రోజున నిలబడతాం. లక్ష్మీరాజం మంచివాడు. వాడికి ఉన్న ఒకే ఒక్క భయం భార్య నవనీత. ఒకే ఒక్క కోరిక, అత్త ఐలవ్వ ముచ్చట తీర్చడం.

ఐలవ్వది అక్కన్నపేట. ఆమె చిన్నతనంలో నెత్తిన గడ్డిమోపు పెట్టుకొని నడుస్తుంటే, దొర తెల్ల అంబాసిడర్ హారన్ కొట్టి పక్కకు జరిపి, మొహం నిండా దుమ్ము కొట్టి పోయేదట. అప్పటి నుంచి ఒకటే మాట. "సచ్చేలోపల గసొంటి కారుల, ఎనుక సీట్ల కూసొని కొమురెల్లి మల్లన్న కాడికి పోవాలె." కొత్త కార్లు చూపిస్తే ఆమె మొహం తిప్పుకుంటుంది. అదే కారు కావాలి, తెల్లదే కావాలి.

ఒకరోజు లక్ష్మీరాజం ఫోన్ పట్టుకొని పరుగెత్తుకొచ్చాడు.

"కాకా, జర చూడు. కలకత్తాల దొరికింది!"

ఫోటోలో తెల్లటి అంబాసిడర్. పెళ్ళిచూపుల పిల్లలాగా ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. బానెట్ లేపిన ఫోటో ఏదిరా అని అడగవలసింది నేను. అడగలేదు. "ఏం నిగనిగ ఉన్నదిరా! కండ్లు మూసుకొని కొను," అన్నాను. బండ్ల గురించి ఇంతకుముందు కొంచెం గొప్పలు పోయాను కదా, వాటిని ఇక్కడ వాపసు తీసుకుంటున్నాను. నా జన్మలో నేను నడిపింది సైకిల్ ఒక్కటే. దాన్ని ఆపాలంటే ఇప్పటికీ ఏదో ఒక గోడ కావాలి.

లక్ష్మీరాజం నిజంగానే కళ్ళు మూసుకున్నాడు. నవనీత మాత్రం తెరిచే ఉంచింది.

"ఏమయ్యా, రైలెక్కి పోయి ఒక్కసారి చూసి రారాదు?"

"ఫోటో చూసిన గదనే!"

"ఫోటో చూసే నిన్ను చేసుకున్న. గందుకే చెప్తున్న, పోయి చూసి రా."

పెళ్ళిళ్ళ సీజన్లో టెంట్లు వదిలి కలకత్తా ఎక్కడ పోతాడు? అమ్మినాయన ధర్మాత్ముడే. లారీ మీ వాకిట్లోకే వస్తుంది, ముందూ వెనకా అన్నీ తెరిచి చూసుకోండి, నచ్చకపోతే అదే లారీలో తిప్పి పంపండి అన్నాడు. ఇంతకంటే ఎవరైనా ఏం చెబుతారు? కానీ మన పద్ధతి ఆయనకేం తెలుసు!

లారీ వచ్చింది. కారును దించారు. దించిన మరుక్షణమే నవనీత పళ్ళెంతో ప్రత్యక్షం. ఇల్లు చేరిన బండికి మొదట జరగవలసింది పూజ. చూసుకోవడమన్నది తీరిక దొరికినప్పటి మాట. టైర్ల కింద నిమ్మకాయలు, అద్దం ముందు మిరపకాయల దండ, బానెట్ మీద పసుపుతో స్వస్తిక్, గుమ్మడికాయ దిష్టి, కొబ్బరికాయ. కుంకుమ తడిపిన చేత్తో డిక్కీ మీద నవనీత ఒక్కటి చరిచి, "లచ్చిమి, సల్లగ సూడు తల్లీ!" అంది. లారీ డ్రైవర్ నచ్చిందా అని సైగ చేశాడు. లక్ష్మీరాజం వాడి చేతిలో కొబ్బరిచిప్ప పెట్టి సాగనంపాడు.

తరువాత తాళం తిప్పాడు. చప్పుడు లేదు. మళ్ళీ తిప్పాడు. పక్కింటి కుక్క ఆవలించిన చప్పుడు వినిపించింది. బానెట్ లేపాడు.

లోపల ఇంజన్ ఉండవలసిన చోట నేల కనిపించింది. నేల మీద నవనీత పెంచుకునే ఎర్రకోడి కూర్చొని, నా ఇంటి కప్పు లేపింది ఎవడ్రా అన్నట్టు పైకి చూసింది.

"మంచిగైంది," అంది నవనీత. "కోడికి నచ్చింది. ఆదివారం దాక సూస్త. మా అవ్వను ఎక్కిచ్చుకొని కొమురెల్లి పోతివా, పోతివి. లేకుంటే గిది నా కోళ్ళ గూడు."

"వాపసు పంపరాదురా?" అన్నాను నేను.

లక్ష్మీరాజం నన్ను పాపాత్ముణ్ణి చూసినట్టు చూశాడు. "బొట్టు పెట్టి కాయ కొట్టినంక లచ్చిమిని ఎల్లగొడ్తరా కాకా? ఇగ అత్త మొహం ఎట్ల సూడాలె! అక్కన్నపేటంతా చాటింపేసుకున్నదట, ఆదివారం కారుల పోతున్నా అని."

వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సరిగ్గా అప్పుడే వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఎవ్వరు కదలొద్దు! ఇంజన్ మాయమైన చోట గాలి గూడ సాక్ష్యమే!"

రాంచందర్ వచ్చేశాడు. వస్తూనే ఒక నిమ్మకాయ మీద కాలేసి కారు కిందికి జారిపోయాడు. "నేల మీది ఆనవాళ్ళు చూస్తున్న," అన్నాడు లోపల నుంచి. కోడి వాణ్ణి పొడిచింది. బయటికి వచ్చి కోటు దులుపుకొని కారు చుట్టూ తిరిగాడు. డిక్కీ దగ్గర ఆగి, భూతద్దం పెట్టి, గుండె పట్టుకున్నాడు.

"దేవదాసన్నా! నెత్తుటి చెయ్యి!"

"గది నా చెయ్యే అన్నా," అంది నవనీత. "కుంకుమ."

"నేరస్థులంతా గట్లనే అంటరు," అని జేబులోంచి మిక్సీలకు చుట్టే టేపు తీసి డిక్కీని అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు చుట్టేశాడు. "ఇది సాక్ష్యం. దీన్ని ఎవ్వరన్న ముట్టిన్రో, అనుమానితుల లెక్కల పడ్తరు!"

ఆ తరువాత దూరం వెళ్ళి ఒక కన్ను మూసి చూశాడు. నిజంగానే కారు ఒక తీరుగా ఉంది. ముందు భాగం ఆకాశంలోకి లేచి, వెనక భాగం నేలకు ఒంగి, నమస్కారం తిరగేసి పెట్టినట్టుంది.

"ఎనుక సీట్ల ఎవరో ఉన్నరు," అన్నాడు గొంతు తగ్గించి.

"ఎవరున్నర్రా? ఖాళీగనే ఉన్నది."

"కనవడకుంట ఉన్నరు. అంత బరువుంటే గాని కారు గిట్ల కుంగది. ఇంజన్ ఎత్తుకపోయిన ముఠావోళ్ళు కాపలాకు ఒకణ్ణి పెట్టిపోయిన్రు."

నేను ఆ రోజు నుంచి వెనక సీటు పక్కగా పోవలసి వస్తే దండం పెట్టి పోయాను. ఉన్నవాడికి కోపం ఎందుకు తెప్పించాలి?

విచారణ మొదలైంది. మొదటి అనుమానితురాలు నవనీత.

"వదినా, నీకు కోళ్ళ గూడు గావాలె. ఇంజన్ ఉంటే గూడు గాదు. కాబట్టి ఇంజన్ ఏడ దాచినవ్?"

"పిండి డబ్బల ఉన్నది. పోయి సూడు."

వాడు పోయి చూశాడు. మోచేతుల దాకా పిండితో తిరిగి వచ్చి, "తప్పుడు ఆచూకీ ఇచ్చి దారి మళ్ళిస్తున్నది. ముదురు నేరస్థురాలు," అన్నాడు.

రెండో అనుమానితుడు లక్ష్మీరాజం. తన ఇంజన్ తానే దొంగిలించి తనకే తెలియకుండా దాచుకున్నాడేమోనని. వాడు అప్పటికే ఎంత దిగులులో ఉన్నాడంటే, "ఏమో అన్నా, నేనే దాచిన్నేమో," అన్నాడు. మూడో అనుమానితుణ్ణి నేను. ఎందుకంటే మిగిలింది నేనొక్కడినే.

శనివారం వచ్చింది. పొద్దున బస్సులో ఐలవ్వ దిగింది. కొత్త చీర, చేతిలో మల్లన్నకు మొక్కు సామాన్ల సంచి. కారును చూసి సంచి కింద పెట్టింది. డోరు మీద చేయి వేసి మెల్లగా రాసింది.

"గదే కారు," అంది. "గదే తెలుపు. అల్లుడా, నా కడుపు సల్లగ జేసినవ్ బిడ్డా."

లక్ష్మీరాజం టెంట్ల గదిలోకి పోయి, మడత పెట్టిన షామియానాలో మొహం దాచుకున్నాడు. ఇంజన్ లేదని ఆమెతో చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేదు. నవనీత కూడా ఆ రోజు కోళ్ళ మాట ఎత్తలేదు.

రాంచందర్ నన్ను పక్కకు పిలిచాడు. "అన్నా, ఆఖరి అస్త్రం తీస్తున్న. నేరం జరిగిన తీరు మల్ల జరిపించాలె. కారు లారీ మీదికెల్లి ఎట్ల దిగిందో, గట్లనే దింపుతం. ముఠావోడు బెదిరి బయట పడ్తడు."

"లారీ ఏదిరా?"

"వాలు ఉన్న రోడ్డు చాలు."

టెంట్ హౌస్ ముందు రోడ్డు వాలుగానే ఉంటుంది. రాంచందర్ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. నేనూ లక్ష్మీరాజం వెనక నుంచి తోశాం. బ్రేకులు ఉన్నాయా అని అడగవలసిన మనిషిని మళ్ళీ నేనే. మళ్ళీ అడగలేదు. కారు మొదట కదలనంది. తరువాత ఆగనంది.

"అన్నా, ముఠావోడు నడుపుతుండు!" అని కిటికీలోంచి రాంచందర్ కేక. "నా చేతుల లేదు!"

రోడ్డు దిగువన దేవరాజు అనే రైతు మక్కలు, అంటే మొక్కజొన్నలు, ఎండబోసి, కుప్ప చేసి, పక్కనే బీడీ వెలిగించుకుంటున్నాడు. తెల్ల కారొకటి చప్పుడు చేయకుండా తన మీదికి వస్తుంటే, బీడీనీ కుప్పనూ వదిలి తాను మాత్రం దూకాడు. కారు ముక్కు పోయి మక్కల కుప్పలో దిగబడింది. తోక గాలిలోకి లేచి, ధబేలుమని కింద పడింది. ఆ దెబ్బకు టేపు ఫట్ ఫట్‌మని తెగింది. డిక్కీ మూత నోరు తెరిచింది.

లోపల గోనెసంచి కప్పుకొని, నల్లగా, బుద్ధిగా కూర్చొని ఉంది ఇంజన్.

రాంచందర్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. మీసాల నిండా మక్కగింజలు. "నాకు ఎరుకే! గందుకే డిక్కీకి సీలేసిన!"

"నువ్వు సీలెయ్యకుంటే మేము మొన్ననే తీసి చూస్తుంటిమి గదరా!" అన్నాను.

"చూస్తే దొంగ జాగ్రత్తపడుతుండె," అన్నాడు.

లక్ష్మీరాజం కలకత్తాకు ఫోన్ చేశాడు. కారు అమ్మినాయన ఆశ్చర్యపోయాడు. ఇంజన్ను పట్టుకొనే బిగింపులు తుప్పు తిన్నాయనీ, దారిలో ఊడిపడకుండా తీసి డిక్కీలో పెట్టామనీ ఫోటో పంపాం కదా, మీరు బొటనవేలు కూడా చూపించారు కదా అన్నాడు. లక్ష్మీరాజం ఫోన్ వెతికాడు. ఫోటో ఉంది. పెళ్ళి వంటల గ్రైండర్ ఎవరో కిరాయికి అడుగుతున్నారనుకొని వాడు బొటనవేలు చూపించాడు.

ఇంజన్ దొరికింది సరే. అది బిగించాలంటే నెల పడుతుందన్నాడు మెకానిక్. ఆదివారమేమో రేపే. లక్ష్మీరాజం వెళ్ళి ఐలవ్వ ముందు నిలబడి, తల వంచుకొని, జరిగిందంతా చెప్పాడు. ఆమె విని, "నేను ఇంజన్ మీద కూసుంట అన్ననా? ఎనుక సీట్ల కూసుంట అన్న. సీటు ఉన్నదా లేదా?" అంది.

చెదిరిన మక్కలకు తగాదా పెట్టుకుందామని వచ్చిన దేవరాజు అదే విని ఆగిపోయాడు. "గంతే గదా అవ్వా. నా ట్రాక్టర్ కడ్త, నడువున్రి," అన్నాడు.

అలా ఆదివారం ట్రాక్టర్ ముందు, తాడు మధ్యన, అంబాసిడర్ వెనక కొమురవెల్లి బయలుదేరాం. స్టీరింగ్ దగ్గర లక్ష్మీరాజం, పక్కన ముఠావాడి కోసం కాపు కాస్తూ రాంచందర్, వెనక ఐలవ్వ, నవనీత, నేను. దారిలో నెత్తిన మూట పెట్టుకొని నడుస్తున్న ఒక ముసలామె మా కారును చూసి గబగబా పక్కకు జరిగింది. ఐలవ్వ కిటికీలోంచి చేయి ఊపింది. "ఆపున్రి! ఓ అవ్వా, జరుగుడెందుకే? ఎక్కు!" ఆ తరువాత కనిపించిన వాళ్ళనల్లా ఎక్కించింది. కొమురవెల్లి చేరేసరికి నేను డిక్కీలో ఉన్నాను.

నెల తరువాత ఇంజన్ బిగించారు. లక్ష్మీరాజం అత్తను కూర్చోబెట్టి గర్వంగా తాళం తిప్పాడు. కారు దగ్గి, ఊగి, పొగ వదిలి, గర్జించింది. ఐలవ్వ రెండు చెవులూ మూసుకుంది.

"ఈ లొల్లి ఏంది అల్లుడా? మొన్న సప్పుడు లేకుంట ఎంత మంచిగ పోయింది! తీసి మల్ల డిక్కీలనే పెట్టున్రి."

ముందు ట్రాక్టర్ డుబుడుబుమని మోగుతుంటే ఐలవ్వకు చప్పుడు ఎందుకు వినిపించలేదని మీలో తెలివైనవాళ్ళు అడుగుతారు. అడగకముందే ఒప్పుకుంటున్నాను. ఈ కథలో నేను కల్పించింది ఆ ట్రాక్టర్ ఒక్కటే. కారును కొమురవెల్లి దాకా లాగింది దేవరాజు దున్నపోతులు. ఆ మాట రాస్తే మీరు నమ్మరని ట్రాక్టర్ పెట్టాను.