నాలుగో పేజీలోని మాదిరి సంఖ్య

శనివారం ఉదయానికి వెన్‌హుయీ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిది దాకా పడుకోవాలి. లేచి దుప్పటి ఉతికి, గదిలో తేమ లాగే యంత్రం ముందు ఆరేయాలి. రేవుపట్నం కీలుంగ్‌లో పదకొండు రోజులుగా ఒకటే వాన. ఇంట్లో ఆరిన గుడ్డ అంటూ ఒక్కటీ మిగల్లేదు. మధ్యాహ్నం రెండింటికి కింద హాల్లో భవనవాసుల సమావేశం ఉంది. అక్కడ ఓ పావుగంట మాట్లాడి, పైకొచ్చి మళ్లీ పడుకోవాలి. యాభై రెండేళ్ల మనిషి ఇంతకంటే పెద్ద కోరికేమీ కోరలేదు.

సమావేశంలో తేలాల్సిన విషయం ఒక్కటే. ఏడంతస్తుల ఆ భవనానికంతటికీ లైట్లు, తాళాలు, గుమ్మాల దగ్గర కెమెరాలు ఉచితంగా బిగిస్తామని ఒక కంపెనీ ముందుకొచ్చింది. అన్నీ వాటంతటవే పనిచేస్తాయట. ప్రతి ఇంటి వివరాలూ కంపెనీ దగ్గర భద్రంగా ఉంటాయట. భవన సంఘం అధ్యక్షుడు షావ్ అప్పటికే కలం తీసి కూర్చున్నాడు. ఎవరెన్నింటికి నిద్ర లేచారో, ఎవరింటికి ఎవరొచ్చారో కంపెనీకి దేనికని అడిగింది వెన్‌హుయీ ఒక్కతే. "అయితే మీరే ఏదైనా చేసి చూపించండి మేడం," అన్నాడు షావ్. ఆ ఒక్క ప్రశ్న అడిగిన పాపానికి, వారమంతా ఓడల రవాణా ఆఫీసులో కాగితాలతో కుస్తీ పట్టే వెన్‌హుయీ మూడు నెలలుగా గురువారం సాయంత్రాలు పాఠం చెబుతోంది.

పాఠానికి నలభై పేజీల పుస్తకం కూడా తనే రాసి జిరాక్సు తీయించింది. పేరు 'మన ఇంటి సంగతి మన ఇంట్లోనే'. ఎవరైనా విప్పి చూసుకోగలిగే, మార్చుకోగలిగే ఉచిత ప్రోగ్రాములు, అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు, రేడియో సంకేతాలతో పలికే మీటలు, ప్లగ్గులు. ఇంతే సరంజామా. ఇంటర్నెట్టుతో పనిలేదు. ఏడిళ్ల నుంచి ఏడుగురు చేరారు, అందరూ ఉద్యోగాలు విరమించినవాళ్లే. శుక్రవారానికల్లా బిగింపులు ముగించి, శనివారం లేవగానే ఆన్ చేసి చూసుకోమని ఆమె చెప్పింది. విశ్రాంత జీవులు ఎన్నింటికి లేస్తారన్నది మాత్రం ఆలోచించలేదు.

ఆరూ పదికి పడగ్గదిలో లైటు వెలిగింది.

"ఏవండీ, ఇప్పుడు లైటెందుకు?"

"నన్నడుగుతావేం? నేను పడుకునే ఉన్నాను," అన్నాడు భర్త జియాలిన్ దుప్పట్లోంచి.

లైటు ఆరింది. మళ్లీ వెలిగింది. తేమ లాగే యంత్రం గుర్రుమని మొదలై, రెండు నిమిషాలకు ఊరుకుంది. ఇక నిద్ర పట్టదని జియాలిన్ లేచి బనీనుతో కిటికీ దగ్గర నిలబడి పంట్లాం కోసం వెతుక్కుంటుండగా మోటారు బిగించిన తెర సర్రున తొలగింది. ఎదుటి భవనం బాల్కనీలో ఒక పెద్దావిడ పళ్లు తోముకుంటోంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఏం చేయాలో తోచక ఇద్దరూ మర్యాదగా తలలు వంచారు.

వెన్‌హుయీ కంప్యూటరు తెరిచి చూసింది. 'మీట నొక్కారు' అని పదకొండుసార్లు నమోదై ఉంది. ఇంట్లో ఉన్నది ఇద్దరు. తను నొక్కలేదు.

"నిజం చెప్పండి. మీకు ఆ కంపెనీ వాళ్లదే నచ్చిందా?"

"ముప్పై ఏళ్లలో నీ మీటలు నొక్కే ధైర్యం నాకెప్పుడొచ్చింది?" అని ఆయన సోయా పాలు తెస్తానని గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు. సోయా పాల దుకాణం పక్క సందులోనే. ఆయన తిరిగి వచ్చేసరికి గంటన్నర పట్టింది.

ఈలోగా ఫోను మోగింది.

"టీచర్‌గారూ, రెండో అంతస్తు నుంచి తూ మాట్లాడుతున్నాను. ఒంటినిండా సబ్బుంది."

తూ గారు ముప్పై ఆరేళ్లు రేవు కస్టమ్స్‌లో పనిచేసిన మనిషి. విషయం ఎప్పుడూ వరసలోనే చెబుతారు.

"వేడినీళ్లు ఆగిపోయాయి. మీట నొక్కాను, వచ్చాయి. తర్వాత పోయాయి. మళ్లీ నొక్కాను. ప్రస్తుతం పోయి ఉన్నాయి. దీనికి పుస్తకంలో ఏ పేజీ చూడాలో చెబితే చూసుకుంటాను."

అలాంటి పేజీ పుస్తకంలో లేదు. చన్నీళ్లతో కానిచ్చేయమని ఆమె మెల్లగా చెప్పింది. తర్వాత మరో ముగ్గురు చేశారు. ఒకరి ఇంట్లో అన్నం కుక్కరు సగంలో ఆగింది. ఒకరికి బయటి గదిలో ఫ్యాను దానంతటదే తిరుగుతోంది. వెన్‌హుయీ తన ప్రోగ్రాములోనే పొరపాటుందనుకుని తరగతి వాళ్లందరికీ సందేశం పెట్టింది: 'కంగారు పడకండి. ప్రతి మీటనీ ఒకసారి ఆపి, మళ్లీ వేయండి. అన్నీ సర్దుకుంటాయి.'

ఏడుగురూ మంచి విద్యార్థులు. నిమిషం తిరక్కుండా ఏడిళ్లలోనూ ఉన్న మీటలన్నీ నొక్కారు. అవతల ఏదో మారిందని మళ్లీ నొక్కారు. ఆ తర్వాత గంటసేపు ఆ భవనంలో ఏ యంత్రమూ కుదురుగా లేదు. వెన్‌హుయీ మాత్రం తను రాసిన ప్రోగ్రామును మొదటి వరస నుంచి చదువుతూ కూర్చుంది. మధ్యాహ్నం ఒంటిగంటయింది. తప్పు కనబడలేదు. పొద్దున ఉతికిన దుప్పటి తడిగానే ఉంది.

అప్పుడు మూడో అంతస్తు నుంచి తన విద్యార్థిని ఓయాంగ్ పిన్ని ఫోను చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"ఒకసారి కిందికి రా అమ్మాయ్. మీ బాబాయి వచ్చారు."

బాబాయి పోయి నాలుగేళ్లయింది. వెన్‌హుయీ చెప్పులు వేసుకుని దిగింది. ఓయాంగ్ పిన్ని ఇంట్లో పోయిన పెద్దల పీఠం మీద ఎర్రటి కరెంటు దీపం వెలుగుతూ ఉంది. ఎదురుగా బత్తాయిలు, అగరొత్తులు, ఒక గ్లాసు కావోలియాంగ్ అనే జొన్న మద్యం ఉన్నాయి.

"పొద్దున్నుంచీ దీపం వెలిగిస్తున్నారు, ఆర్పుతున్నారు. ఫోటో పక్కకి జరిపి అక్కడ టీవీ పెట్టాను కదా, దానికి కోపం. మూడుసార్లు క్షమించమన్నాను. చెప్పినప్పుడల్లా నేనే దీపం ఆర్పుతున్నాను, ఆయన మళ్లీ వెలిగిస్తున్నారు. చూడు."

పిన్ని మీట నొక్కింది. దీపం ఆరింది. అదే క్షణాన వెన్‌హుయీ ఫోను మోగింది. జియాలిన్.

"తెర మళ్లీ తెరుచుకుంది. ఆవిడ ఈసారి చెయ్యి ఊపింది. నేను మా అన్నయ్యగారింటికి వెళ్తున్నాను."

వెన్‌హుయీ ఆ మీట వంక చూసింది. పీఠం పక్కనే ఉన్న పిన్ని పుస్తకం తీసి నాలుగో పేజీ తిప్పింది. రేడియో మీటలు ఎవరివో ప్లగ్గులు గుర్తు పట్టడానికి ప్రతి ఇంటికీ ఒక నాలుగంకెల సంఖ్య పెట్టుకోవాలి. మాదిరికి ఒక సంఖ్య ఉండాలి కదా అని, రాసేటప్పుడు అలసటలో, తన ఇంటి సంఖ్యనే వేసింది. పిన్ని దాని కింద ఎర్ర కలంతో రెండు గీతలు గీసి, పక్కన 'పూర్తయింది' అని రాసుకుంది.

"పిన్నీ, ఈ సంఖ్యే పెట్టారా?"

"ఉన్నది ఉన్నట్టు పెట్టాను. ఒక్క అంకె కూడా తప్పు పోలేదు."

రేడియోకి గోడలు అడ్డం కావు. ఆ ఏడిళ్లూ, తన ఇల్లూ కలిసి ఇప్పుడు ఒకే ఇల్లు. వెన్‌హుయీ బత్తాయిల పక్కన కూలబడింది.

"అయితే ఆయన కాదా?" అంది పిన్ని.

"కాదు పిన్నీ. మన తరగతే."

పిన్ని ఫోటో వైపు తిరిగింది. "పోన్లే. నలభై ఏళ్ల కాపురంలో ఆయనకి నేనొక్కసారీ క్షమాపణ చెప్పలేదు. ఆ బాకీ తీరింది."

ఇల్లిల్లూ తిరిగి సంఖ్యలు మార్చేద్దామని వెన్‌హుయీ మెట్లెక్కబోయింది. అప్పటికే ఆలస్యమైంది. తరగతిలోని ఏడుగురిలో ఒకరు అధ్యక్షుడు షావ్ భార్య. ఆ సంగతి షావ్‌కు తెలియదు. భోజనానికి ఎన్నిసార్లు పిలిచినా ఆయన ఒళ్లు పట్టే కుర్చీలోంచి లేవడని, వంటింట్లోంచే దాన్ని ఆపేందుకు ఆమె కుర్చీకి ప్లగ్గు తగిలించింది. ఆ పూట కుర్చీ సరిగ్గా పిక్కలు బిగించిన దశలో ఆగిపోయింది. పిన్ని దీపం ఆర్పేదాకా, అంటే నలభై నిమిషాలు, షావ్ కాళ్లు అందులోనే ఉన్నాయి. బయటపడగానే ఆయన చేసిన మొదటి పని ఎలక్ట్రీషియన్‌ను పిలవడం.

ఎలక్ట్రీషియన్ ఒక ఇంట్లో లైటు ఆరి వెలగడం, ఇంకో ఇంట్లో ఫ్యాను తిరిగి ఆగడం చూసి తల పంకించాడు. "లోపలి వైరింగంతా పోయింది. ఉంచితే కాలిపోతుంది," అని మెయిన్ తీసేసి, మీటర్ల గదికి తాళం వేసి, నూడుల్స్ తినడానికి వెళ్లాడు. అప్పటికి రెండింటికి పది నిమిషాలు. కంపెనీ తరఫున వివరించడానికి వచ్చిన మనిషి షావ్‌ను కలవడానికి పైకి వెళ్తూ ఆ క్షణాన లిఫ్టులో, మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఉన్నాడు.

అంచేత ఆనాటి సమావేశం మెట్ల మీద జరిగింది. లిఫ్టు వాళ్లు రావడానికి అరగంట పడుతుందన్నారు. వెన్‌హుయీ నాలుగో అంతస్తు మెట్టు మీద నిలబడి, గోడ పట్టుకుని, ఉన్న మాట చెప్పింది.

"తప్పు నాదే. మాదిరి సంఖ్య మా ఇంటిది. మార్చుకోవాలని ఐదో పేజీలో రాశాను."

"ఐదో పేజీకి వచ్చేసరికి పనైపోయింది కదండీ," అన్నారు తూ గారు. "మొదటిరోజు మీరేగా అన్నారు, పుస్తకంలో ఉన్నది చుక్క మారకుండా రాయమని?"

అన్నది నిజమే. షావ్ పిక్కలు రుద్దుకుంటూ ముందుకొచ్చాడు. "విన్నారుగా. అందుకే తెలిసినవాళ్లకి అప్పజెప్పాలనేది. ఇక సంతకం పెట్టేద్దాం."

చాలామంది తలలూపారు. మూడు నెలల గురువారాలు అయిపోయాయని వెన్‌హుయీకి అర్థమైంది. బాధ పడే ఓపిక కూడా లేక మెట్టు మీద కూర్చుంది.

"ఆ అబ్బాయి చెప్పేది కూడా వినాలిగా, పద్ధతి ప్రకారం," అన్నారు తూ గారు. లిఫ్టు తలుపు దగ్గరికి వంగి, "బాబూ, ఎలాగూ ఖాళీగానే ఉన్నారు. అక్కణ్నుంచే చెప్పండి," అన్నారు.

లిఫ్టులోని మనిషి వృత్తిధర్మం తెలిసినవాడు. చీకట్లోంచి స్పష్టంగా మొదలుపెట్టాడు. "మీరు నిద్ర లేవగానే మా కేంద్రానికి తెలుస్తుందండీ. వేడినీళ్లు ఎన్నింటికి వాడారు, ఎంతసేపు వాడారు, పూజ ఎప్పుడు చేశారు, ఏ కుర్చీలో ఎంతసేపు కూర్చున్నారు, అన్నీ నమోదవుతాయి. మీకేం కావాలో మీరు అడగకముందే మేం కనుక్కుంటాం."

మెట్ల మీదున్నవాళ్లు లిఫ్టు వైపు వంగారు.

"ఎంతమందికి తెలుస్తుంది?" అడిగారు తూ గారు.

"మా సిబ్బందంతా నమ్మకస్తులండీ."

"ఎంతమందని అడిగాను."

"మూడు దేశాల్లో ఉన్నారండీ."

తూ గారు నిటారుగా నిలబడ్డారు. "పొద్దున నా స్నానం సంగతి ఏడిళ్లకి తెలిసింది. నాకు అదే ఎక్కువైంది."

"మా ఆయనకి నేను చెప్పుకున్న క్షమాపణలు మూడు దేశాల వాళ్లకెందుకు?" అంది ఓయాంగ్ పిన్ని. కుక్కరు ఆగినవాళ్లు, ఫ్యాను తిరిగినవాళ్లు తలోమాటా అన్నారు. పావుగంటలో కంపెనీ ప్రతిపాదన వీగిపోయింది. లిఫ్టులోంచి చిన్నగా నిట్టూర్పు వినిపించింది.

షావ్ భార్య వైపు తిరిగాడు. "కుర్చీకి ఆ ప్లగ్గు నువ్వే పెట్టావా?"

"మూడు నెలలు చదువుకుని పెట్టాను. మీరు ఒక్క గురువారమైనా ఎక్కడికి వెళ్తున్నావని అడిగారా?"

షావ్ కలం జేబులో పెట్టుకున్నాడు. "మా ఇంట్లో ఏం జరుగుతోందో తెలియనివాణ్ని, భవనం సంగతి నాకెందుకు," అని అధ్యక్ష పదవికి అక్కడికక్కడే రాజీనామా చేశాడు. ఎవరూ ఆపలేదు. ఆ పదవి కావాలన్నవాళ్లు కూడా లేరు. అందరూ గోడలు చూశారు.

"వెన్‌హుయీకి ఇద్దాం," అంది పిన్ని.

"నాకు చేతకాదు పిన్నీ."

"చేతకాదని పొద్దున్నుంచీ చూశాం. కానీ తప్పు నాదేనని పదిమందిలో చెప్పిన అధ్యక్షులు ఈ భవనానికి ఇంతవరకూ లేరమ్మా."

చేతులు లేచాయి. తూ గారు లెక్కపెట్టి, ఏకగ్రీవమని రాసుకున్నారు. వెన్‌హుయీ చెయ్యెత్తలేదు కానీ, ఎత్తిన చేతుల్ని మాత్రమే లెక్కపెట్టడం ఆ భవనం ఆనవాయితీ.