పబ్బులో ఇత్తడి కడ్డీ

దుబాయ్ రోడ్ల మీద కార్లు పడవల్లా తేలిన వరద ఏడాది సంగతి ఇది. నీళ్లు తీసి మూడు వారాలైంది. పొద్దున ఆరింటికి ప్రేమరాజు పాత పబ్బు తలుపు తీశాడు. ఊరి శివారులోని ఆ పబ్బును పాతకాలపు కట్టడాల జాబితాలో పెట్టారు. అందులో తుడిచే పని అతనిది. ఇరవై రెండేళ్లుగా తుడుస్తున్నాడు, ఒక్క చుక్క ముట్టలేదు. పదింటికి ఆ జాబితా ఆఫీసు నుంచి తనిఖీకి మేడమ్ వస్తారు. కౌంటరు కింద కాళ్లు ఆనించుకునే ఇత్తడి కడ్డీకి వరద మరక పట్టింది. అదొక్కటీ తీసేసి టీ తాగుదామనుకున్నాడు.

ఇత్తడికి మరకంటే చింతపండే. పులుసుకని దాచుకున్నది నానబెట్టి జానెడు మేర రుద్దాడు. మొహం కనబడేలా మెరిసింది. పక్కనున్నదంతా బొగ్గులా కనబడింది. సరేనని కడ్డీ చుట్టూ, అడుగూ పైనా తోమాడు. అప్పుడు కౌంటరు మీది ఇత్తడి దీపాలు వెలవెలబోయాయి. వాటినీ తోమాడు. వాటి మధ్య చెక్క కౌంటరు బీదగా ఉందని కొబ్బరినూనె పట్టించాడు.

తొమ్మిదింటికి మేనేజరు వేణుగోపాలరావు వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏంటయ్యా ఇది?"

"తోమానండి."

"యాభై ఏళ్ల నలుపయ్యా అది. కాగితాలన్నీ వరదలో ముద్దైపోయాయి. ఇది పాతదని చెప్పడానికి ఆ నలుపొక్కటే మిగిలింది. లిస్టులోంచి పేరు తీస్తే మన వీసాలిచ్చిన ఓనరు, కఫీల్, దీన్ని కూలగొట్టేస్తాడు. నీకూ నాకూ ఖలాస్."

ప్రేమరాజు చింతపండు గిన్నె పక్కన పెట్టాడు. "మళ్లీ నల్లగా చేద్దామాండి?"

"యల్లా, త్వరగా చెయ్యి."

టీ డికాక్షను పూశాడు. కారిపోయింది. పంచదార కలిపితే పడుతుందన్నాడు రావు. పట్టింది. ఈగలు కూడా పట్టాయి. ఈగలు పోవాలని రావు ఓ కట్ట అగరొత్తులు వెలిగించాడు. పొగకు అలారం మోగింది. నిప్పంటుకుందనుకుని ప్రేమరాజు బకెట్టు నీళ్లు కుమ్మరించాడు. పూసిందంతా కొట్టుకుపోయి కడ్డీ మళ్లీ మెరిసింది.

ఆ మోతలోనే మేడమ్ లోపలికొచ్చింది. పేరు సంజన, హైదరాబాదు మనిషి.

"ఏంది రావుగారూ, ఇంకో వరదనా?"

రావు అగరొత్తుల కట్టను వీపు వెనక దాచాడు.

"దీన్ని తోమిందెవరు?"

"నేనేనండి," అన్నాడు ప్రేమరాజు. "రావుగారి తప్పేం లేదు."

"నేనప్పటికి రానేలేదండి," అన్నాడు రావు.

సంజన టార్చి వేసి, తడి నేల మీదే కూర్చుని కడ్డీ కిందికి వంగి చూసింది. చాలాసేపు లేవలేదు. అడుగు వైపు పబ్బు పేరు, దాని పక్కన 1974 అని చెక్కి ఉన్నాయి.

"కాగితాల్లేవు, పేరు కొట్టేద్దామనే వచ్చిన," అంది లేస్తూ. "గీ నలుపు కింద గింత సాక్ష్యం దాక్కున్నదని మాకెవ్వరికీ తెల్వదు. ఇగ మీ పబ్బు ఎటూ పోదు."

ఫోటోలు తీసుకుంది. వెళ్లేముందు కౌంటరు చుట్టూ తాడు కట్టించి, ప్రేమరాజు వైపు వేలు చూపించింది. "ఇగ దీన్ని ఎవ్వరూ ముట్టొద్దు. గుడ్డతో తుడిచినా కేసైతది, పెద్దాయనా."

మర్నాడు ఆరింటికే ప్రేమరాజు డ్యూటీకి వచ్చాడు. తాడుకు ఇవతల కుర్చీ వేసుకుని, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, కౌంటరు మీద దుమ్ము పడుతుంటే చూస్తూ కూర్చున్నాడు.