బాతు పడవకి రైట్

ఆ రోజు పిన్ని తెల్లారకముందే లేచింది. ఫ్లాస్కులో టీ పోసింది, సంచీలో తువ్వాలు సర్దింది, కొత్తగా కొన్న ఎండ టోపీని అద్దం ముందు నిలబడి ఎడమకోసారి, కుడికోసారి వంచి చూసుకుంది. బాబాయి అప్పటికే చెప్పులేసుకుని గుమ్మంలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఇద్దరికీ కాళ్లు నేల మీద నిలవడం లేదు. పోనీ వెళ్లేది ఏ సముద్రాల అవతలికో కాదు. ఊరి చివర చెరువుకి వెళ్లాలి, పసుప్పచ్చ బాతు పడవ ఎక్కాలి, పక్కపక్కన కూచుని తొక్కుకుంటూ ఒక చుట్టు తిరగాలి, ఒడ్డున ఐస్‌క్రీమ్ తిని ఇంటికి రావాలి. అంతే. ఆ 'అంతే' కోసం పిన్ని పెళ్లయిన కొత్తనుంచీ కాచుక్కూచుంది.

తప్పు బాబాయిది కాదు, ఉద్యోగానిది. ఆయన బస్సు కండక్టరుగా చేశాడు. లోకానికంతా సెలవొస్తే ఆయనకు డ్యూటీ పడేది. ఊళ్లోవాళ్ల పెళ్లాం పిల్లల్ని వేసవంతా చెరువు దగ్గర దింపి వచ్చినవాడు సొంత పెళ్లాన్ని మాత్రం ఒక్కనాడూ తీసుకెళ్లలేకపోయాడు. రిటైరయ్యాక మొదటి వేసవి మోకాలు పట్టేసింది. ఆ తర్వాతి వేసవి కంటి ఆపరేషన్. ఈసారి ఇద్దరూ బాగానే ఉన్నారు కదా అనుకుంటే, చెరువుకే ఏదో వచ్చిపడింది.

"రేపట్నించి నీళ్లు తోడేసి పూడిక తీస్తారట. ఇవాళ మధ్యాహ్నం దాకే పడవలు. మళ్లీ నీళ్లెప్పుడు నింపుతారో దేవుడికి తెలియాలి. అప్పటికి మన మోకాళ్లు ఎలా ఉంటాయో కూడా ఆయనకే తెలియాలి" అంది పిన్ని టోపీ కిందనుంచి.

"తెలియనీ. ఇవాళ ఎక్కుతున్నాం, అంతే" అన్నాడు బాబాయి, తలుపు చెక్క మీద టకటకా రెండు దెబ్బలు కొట్టి. "రైట్."

అదిగో, అదే ఆయన జబ్బు. ఒక దెబ్బ కొడితే ఆగమని, రెండు కొడితే పదమని, గబగబా కొడుతూనే ఉంటే బస్సు నిండిపోయింది కాబట్టి ఎక్కడా ఆపకుండా పోనిమ్మని. రిటైరై ఇన్నాళ్లయినా ఆ భాష వదల్లేదు. వడ్డిస్తుంటే చాలని చెప్పడానికి కంచం అంచు మీద ఒకటి కొడతాడు. కడుపు నిండిందంటే కంచం మీద డోలు వాయించేస్తాడు. వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆయన రైట్ బాబాయే. ఆయన పెళ్లాం కనుక ఆవిడ పిన్ని.

పిన్ని గుమ్మంలోనే ఆగిపోయింది. "ఒక్క మాట. బస్సులో మీరు నోరు మూసుకుని ప్రయాణికుడిలా కూచోవాలి. ముందుకు జరగండనకూడదు. స్టాపుల పేర్లు అరవకూడదు. ముఖ్యంగా ఆ రైట్ అన్న మాట మీ నోట్లోంచి రాకూడదు."

"వస్తే?"

"జన్మలో మీతో బస్సెక్కను."

"సరే, ఒట్టు" అని ఆవిడ చేతిలో చెయ్యేశాడు బాబాయి. ఆ క్షణాన ఆయన నిజంగా అలాగే ఉండాలనుకున్నాడు, అందులో అనుమానం లేదు.

బస్సెక్కి వెనక సీట్లో కూచున్నారో లేదో, మొదటి పరీక్ష ఎదురైంది. డ్రైవర్ సీట్లోంచి ఒక మెడా, దానికి అటూ ఇటూ రెండు చేటల్లాంటి చెవులూ కనిపించాయి. వాటిని బాబాయి ఏ జనంలోనైనా గుర్తుపడతాడు. ఏళ్లకేళ్లు తనతో ఒకే బస్సు నడిపిన డ్రైవర్, తను తమ్ముడూ అని పిలిచేవాడు! పలకరిద్దామని సంబరంగా సగం లేచాడు.

"కూచోండి" అంది పిన్ని. "పలకరింపుతోనే మొదలవుతుంది."

కూచున్నాడు. కండక్టరు కొత్తగా చేరిన అమ్మాయి. పనిమంతురాలే, చకచకా టికెట్లు కొడుతోంది. కాని జనాన్ని ద్వారం దగ్గర గుంపుగా నిలబడనిచ్చింది. ఒక తోటమాలి తన ఎత్తున్న మొక్కను కుండీతో సహా తెచ్చి సరిగ్గా నడవా మధ్యలో దించి, దాని పక్కనే కాపలా ఉన్నాడు. బాబాయికి అరిచేతులు దురదపెట్టాయి. రెండు చేతుల్నీ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూచున్నాడు.

"ఆ కుండీ చూశావా?" అన్నాడు పిన్ని చెవిలో.

"చూళ్లేదు. నేను కిటికీలోంచి చూస్తున్నాను" అంది పిన్ని. గాలికి ఆవిడ చీర చెంగు ఎగురుతోంది. మొహం వెలిగిపోతోంది. అది చూసి బాబాయికి కుండీ మీది కోపం కాస్త చల్లారింది.

సగం దారిలో పెద్ద స్టాపు. కండక్టరమ్మాయి కాగితాల మీద సంతకం పెట్టించుకోవడానికి దిగి ఆఫీసు గదిలోకి వెళ్లింది. పిన్ని టోపీ, సంచీ సీటు మీద పెట్టి, "నీళ్లు పట్టుకొస్తాను. కదలకండి" అని సీసా తీసుకుని దిగింది. బాబాయి కదలకుండానే ఉండేవాడు. కాని ఒక ముసలావిడ చేతికర్రతో వచ్చి మెట్టెక్కలేక అవస్థ పడుతోంది. మనిషన్నవాడు చూస్తూ కూచుంటాడా? దిగాడు, చెయ్యందించాడు, జాగ్రత్తగా ఎక్కించాడు, సీటిప్పించాడు. తను ఫుట్‌బోర్డు మీద నిలబడి, వెనకొకసారి, ముందొకసారి చూశాడు. దారి ఖాళీగా ఉంది. చెయ్యి దానంతటది లేచింది. బస్సు ఒంటి మీద టకటకా రెండు దెబ్బలు పడ్డాయి. గొంతు కూడా చేతికి తోడొచ్చింది.

"రైట్."

అక్కడ డ్రైవర్ తమ్ముణ్ణి అనీ లాభం లేదు. ఆ దెబ్బా, ఆ గొంతూ కలిసి వినపడితే ఆయన కాలు బుర్రని అడక్కుండానే కదులుతుంది. గేరు పడింది, బస్సు సాగిపోయింది.

హాయిగా వచ్చి కూచున్న బాబాయి పక్కకి చూశాడు. టోపీ ఉంది. సంచీ ఉంది. పిన్ని లేదు. వెనక అద్దంలోంచి చూస్తే స్టాపులో నీళ్ల సీసా పట్టుకున్న పిన్ని, టికెట్ మిషన్ పట్టుకున్న కండక్టరమ్మాయి పక్కపక్కన నోళ్లు తెరుచుకుని నిలబడి, చూస్తుండగానే చిన్నవాళ్లయిపోతున్నారు.

గబగబా ఫోన్ చేశాడు. సీటు మీది సంచీ మోగింది.

ఆ కంగారులో ఆయన చేసిన పని ఎవరూ చేయకూడనిది. ఒక్క దెబ్బ కొట్టి ఊరుకుంటే బస్సు ఆగిపోయేది. కాని ప్రాణం గిలగిల్లాడుతున్నవాడు ఒక్క దెబ్బతో ఎక్కడ ఊరుకుంటాడు? రెండు చేతులతోనూ బస్సు రేకు దబదబా బాదాడు. డ్రైవర్ తమ్ముడికి ఒళ్లు పులకరించింది. నిండిపోయిందన్నమాట, ఇంకెక్కడా ఆపనక్కర్లేదన్నమాట. అలాంటి దెబ్బలు విని ఎన్నాళ్లయిందో పాపం. ఉత్సాహంగా వేగం పెంచాడు.

ఒక స్టాపు వెళ్లిపోయింది. అక్కడ దిగాల్సినవాళ్లు లేచారు. ఇంకో స్టాపూ వెళ్లిపోయింది. అక్కడ దిగాల్సిన పన్నునొప్పి పెద్దమనిషి, బుగ్గ బూరెలా వాచి ఉన్నవాడు, పళ్లాసుపత్రి బోర్డు వెనక్కి పోవడం చూసి కిటికీకి అతుక్కుపోయాడు.

"ఏమయ్యా కండక్టరూ, బస్సు ఆపించవేం?" అన్నాడొకాయన బాబాయి చొక్కా పట్టుకుని.

"నేను కండక్టర్ని కాదండీ."

"మరి రైట్ అన్నదెవరు?"

డ్రైవర్ దగ్గరికి వెళ్దామంటే నడవాలో కుండీ అడ్డం, కుండీ చుట్టూ జనం. పిన్ని మొహం గుర్తొచ్చింది. ఇచ్చిన మాటా గుర్తొచ్చింది. ఎలాగూ పెద్దమాట తప్పాం, చిన్నమాటకి మొహమాటమెందుకని గొంతు సవరించుకున్నాడు.

"ముందుకు జరగాలి, ముందుకు జరగాలి. ద్వారం దగ్గరెవరూ నిలబడొద్దు. తోటమాలిగారూ, మొక్క సీటు సందులోకి. కొమ్మలు విరగవు, నా పూచీ."

ఆశ్చర్యం, జనం జరిగారు. ఆ గొంతులో ఉన్న మహిమ అది. ఆ కాస్త దారిలోంచి వెళ్లి డ్రైవర్ తమ్ముడి భుజం తట్టేసరికి చెరువు మలుపు దగ్గరికొచ్చేశారు.

"అన్నా!" అన్నాడు డ్రైవర్ తమ్ముడు, మొహం చాటంత చేసుకుని. "నువ్వేనా? అనుకుంటూనే ఉన్నా, ఈ కొత్తపిల్ల మన దెబ్బా, నీ గొంతూ ఎక్కడ నేర్చిందా అని."

"ముందు బస్సు తిప్పరా. మీ వదిన స్టాపులో ఉండిపోయింది."

"అయ్యో. పోన్లే, మా కండక్టరమ్మాయికి చెప్పి..."

"ఆ పిల్ల కూడా అక్కడే ఉంది."

డ్రైవర్ తమ్ముడు వెనక్కి తిరిగి బస్సంతా చూశాడు. మొహంలో చాటంత నవ్వు చెంచాడైంది. "ఇంక కొద్దిరోజుల్లో రిటైరవుతున్నానన్నా. ఇన్నేళ్లలో గొడుగులొదిలేశాను గాని కండక్టర్నెప్పుడూ వదిలెయ్యలేదు" అంటూ బస్సు తిప్పాడు.

దిగాల్సినవాళ్లను దింపుకుంటూ వెనక్కొస్తున్నారు. పళ్లాసుపత్రి ఇంకా రాలేదు. ఎదురుగా పాట పెట్టుకుని ఐస్‌క్రీమ్ వ్యాన్ ఒకటి చెరువు వైపు వెళ్తోంది. ముందు సీట్లో ముగ్గురు ఇరుక్కుని కూచున్నారు. నడిపే అతను, కండక్టరమ్మాయి, వాళ్లిద్దరి మధ్యా పిన్ని. పిన్ని ఐస్‌క్రీమ్ తింటోంది. బస్సుని చూసింది. బస్సులో బాబాయిని కూడా చూసింది. వ్యాన్ దాటిపోయింది.

ఈసారి బాబాయి బుద్ధిగా ఒక్క దెబ్బే కొట్టాడు. బస్సు అక్కడికక్కడ ఆగింది. జనమంతా ముందు సీట్లవాళ్ల వీపుల మీదికి తూలారు.

"మళ్లీ తిప్పరా."

"తిప్పు తిప్పు. వ్యాన్ పోతోంది" అన్నారు బస్సులోవాళ్లు. ఇందాక చొక్కా పట్టుకున్నాయన ఇప్పుడు కిటికీలోంచి సగం బయటికొచ్చి ఎదురొచ్చేవాళ్లను పక్కకి తప్పుకోమంటున్నాడు. చేతికర్ర ముసలావిడ, "పెళ్లాం అలిగిందా నాయనా? గట్టిగానే అలిగుంటుంది" అని జాలి పడుతోంది. బాబాయికి ఇవేవీ చెవికెక్కడం లేదు. మధ్యాహ్నం కావస్తోంది. ఇన్నాళ్ల కోరిక తన నోటిదూల వల్ల చెరువు ఒడ్డున ఆగిపోతే, ఇంక ఈ జన్మలో ఆవిడ మొహం ఎలా చూడాలన్నదే ఆయన బాధ.

బస్సు చెరువుగట్టు మీద ఆగీ ఆగకముందే దూకాడు. చేతిలో టోపీ, భుజాన సంచీ. వ్యాన్ ఉంది గాని అందులో పిన్ని లేదు. టికెట్ల కిటికీ మూసేస్తున్నారు.

"ఒక్క పడవ, బాబూ. మా ఆవిడొచ్చేస్తుంది, ఇక్కడే ఎక్కడో ఉంది."

"ఆఖరి పడవ వెళ్లిపోయిందండీ" అని పడవలవాడు నీళ్లవైపు చూపించాడు.

చెరువు నడిమధ్యలో పసుప్పచ్చ బాతు వెళ్తోంది. అందులో పిన్ని. నెత్తి మీద ఎండకి అడ్డంగా కండక్టరు టోపీ. పక్కన కండక్టరమ్మాయి, మెడలో టికెట్ మిషన్‌తో సహా, నవ్వుతూ తొక్కుతోంది. పిన్ని ఒక చెయ్యి నీళ్లలో పెట్టి చిన్నపిల్లలా చిలకరిస్తోంది.

బాబాయికి ముందు ప్రాణం లేచొచ్చింది. ఎక్కింది, అంతే చాలు అనుకున్నాడు. కాని తను పక్కన లేకుండానే ఎక్కింది. అడగడానికి మొహం లేదు. గట్టు మెట్ల మీద టోపీ ఒళ్లో పెట్టుకుని కూలబడ్డాడు.

పడవ ఒడ్డుకి వచ్చింది. కండక్టరమ్మాయి ఆయన్ని చూసి సిగ్గుపడిపోయింది.

"ఒక్కరికైతే పడవ ఇవ్వనన్నారు బాబాయిగారూ, రెండువైపులా బరువుండాలట. బస్సెలాగూ ఇక్కడికే వస్తుంది, అందాకా రమ్మన్నారు పిన్నిగారు. నేనూ ఎప్పుడూ ఎక్కలేదు. రోజూ ఇక్కడికే వస్తాను గాని."

ఆ ఆఖరి మాటకి బాబాయి తలొంచుకున్నాడు. పిన్ని దిగలేదు.

"మాట తప్పారు" అంది.

"తప్పాను. ముందుకు జరగండి అని కూడా అన్నాను."

"జరిగారా?"

"కుండీతో సహా జరిగారు."

పిన్ని పెదవి బిగించి నవ్వాపుకుంది, ఆగలేదు. "బస్సెక్కనన్నాను గాని పడవెక్కననలేదుగా. రండి. ఈ అబ్బాయి ఇంకొక్క చుట్టుకి ఒప్పుకున్నాడు. మీరు బస్సు తిప్పుకుంటూ ఎప్పుడో ఒకప్పుడు వస్తారని తెలుసు, పడవ ఒడ్డు తగలగానే అడిగేశాను."

బాబాయి ఎక్కాడు. మోకాలు కలుక్కుమంది, పట్టించుకోలేదు. పడవ ఆయన వైపు ఒరిగి సర్దుకుంది. కండక్టరమ్మాయి మిషన్ సర్దుకుని గట్టు మెట్లెక్కుతోంది. పైన బస్సు, అందులో స్టీరింగ్ మీద చేతులేసుకుని డ్రైవర్ తమ్ముడు, కిటికీల నిండా జనం. పన్నునొప్పి పెద్దమనిషి ఆసుపత్రి సంగతే మరిచిపోయి చేతులూపుతున్నాడు. భయానికి నొప్పి పోయిందట.

పిన్ని పక్కకి తిరిగి చూసింది. బాబాయి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, నోరు బిగించుకుని బుద్ధిగా కూచున్నాడు. ఆవిడకి జాలేసింది.

"సరే, ఒక్కసారి అనండి" అంది. "ఇక్కడ ఫర్వాలేదు. ఇదేం బస్సు కాదుగా."

బాబాయి మొహం వెలిగిపోయింది. చెయ్యి బయటికి తీసి, బాతు రెక్క మీద టకటకా రెండు దెబ్బలు కొట్టి, ఇన్నేళ్ల సంతోషమంతా కలిపి గుండెల నిండా "రైట్" అన్నాడు.

నీళ్ల మీద గొంతు ఎంత దూరమైనా వినపడుతుంది. గట్టు మీద గేరు పడింది. బస్సు సాగిపోయింది. సగం మెట్ల మీదున్న కండక్టరమ్మాయి మిషన్ పట్టుకుని దాని వెనక పరిగెత్తింది.

పిన్ని నెత్తిమీది కండక్టరు టోపీ సర్దుకుని, "తొక్కండి, మనం చూడలేదు" అంది.