మగ్గాల వీధిలో పెండ్లి గుర్రం

1979 మే నెలలో ఒక ఆదివారం ఉదయం ఎనిమిది గంటలకు, ధర్మవరంలో ఊరేగింపు గుర్రం పెండ్లికొడుకుతో సహా మగ్గం నేసే ఓబమ్మ ఇంట్లోకి తల దూర్చింది. పెండ్లికూతురి ఇల్లు ఇంకా రెండు వీధుల అవతల ఉంది.

గుర్రాన్ని మచ్చిక చేసినవాడు ఓబుళేసు. వృత్తి గుంతలో కాళ్లు పెట్టి కూర్చొని మగ్గం నేయడం. చిన్నప్పుడు జట్కాల వెంట రైలు గేటు దాకా పరిగెత్తి నాయన చేత దెబ్బలు తిన్నవాడు. పట్టు వ్యాపారి దివాకర్ పెండ్లిళ్లకు బాడుగకు తిప్పడానికి ఒక ఆడ గుర్రాన్ని కొని అతనికి అప్పజెప్పాడు.

"ఈ మెరవణి సరిగ్గా జరిగితే ఇంకా రెండు కొంటా. మగ్గం ఇడిసిపెట్టి గుర్రాలే చూసుకుందువు. తేడా వస్తే మల్లా మగ్గం గుంతలోకే" అన్నాడు, మొదటి ఊరేగింపు ఒప్పుకున్న రోజు.

ఓబుళేసు గుర్రానికి గౌరి అని పేరు పెట్టాడు. రోజూ పొద్దున్నే గుమ్మం ముందు దాన్ని దువ్వి, "బంగారూ" అంటూ బెల్లం తినిపించేవాడు. లోపల మగ్గం మీదున్న భార్య నాగలక్ష్మమ్మ అది విని మగ్గాన్ని దబదబ బాదేది.

"పెండ్లయినప్పట్నుంచి నాకొక బెల్లం ముక్క పెట్టినావా?"

"నువ్వు అడగలేదు కదే."

"అది అడిగినాదా?"

బెల్లం పెట్టడం అతని పని. తర్వాత బావి దాకా తీసుకుపోయి నీళ్లు తాపడం ఆమె పని. దారి పొడుగునా తిడుతూ ముందు నడిచేది. గుర్రం వెనక నడిచేది. కొన్నాళ్లకు మగ్గం గట్టిగా మోగితే బెల్లం వస్తుందని గుర్రానికి తెలిసింది. దానికి తెలిసిన సంగతి ఓబుళేసుకు తెలియలేదు.

ఆదివారం ఊరేగింపు మగ్గాల వీధిలోకి తిరిగింది. ఓబమ్మ చీర ముగించే తొందరలో ఉండి మగ్గాన్ని దబదబ బాదుతోంది. గుర్రం నేరుగా ఆ గుమ్మంలోకి వెళ్లింది. పెండ్లికొడుకు రామాంజులు నుదురు ద్వారబంధానికి కొట్టుకొని బాసికం ఊడి మగ్గం మీది పడుగు దారాల మీద పడింది. ఇదే పెండ్లివారిల్లు అనుకొని తప్పెట్లవాళ్లు ఆగి వాయించారు. గుమ్మంలోకి వచ్చిన పెండ్లికొడుకును ఊరికే పంపితే అరిష్టమని ఓబమ్మ హారతి ఇచ్చింది. పక్కన ఆమె పెండ్లికాని కూతురు నిలబడి ఉంది.

కబురు రెండు వీధులు దాటేసరికి రామాంజులు పిల్లను మార్చాడని తేలింది. పెండ్లికూతురి నాయన వీరప్ప తువ్వాలు నడుముకు బిగించి వచ్చాడు.

"ఏమప్పా, పిల్ల ఆడ, హారతి ఈడనా?"

"నేను రాలేదు మామా, గుర్రం వచ్చినాది."

"తాళి కూడా గుర్రమే కడుతుందా?"

వీధిలో మగ్గాలన్నీ ఆపించారు. గుర్రం వెనక్కి వచ్చి వీధి మధ్యలో నిలబడింది. ఓబుళేసు బెల్లం పెట్టాడు. తినింది. "గౌరీ, బంగారూ" అన్నాడు. కదల్లేదు.

"ఓబుళేసూ, మగ్గం గుంత నీకోసం కాసుకోని ఉండాది" అన్నాడు దివాకర్.

"బంగారూ" అన్న మాట గుంపులో ఉన్న నాగలక్ష్మమ్మ చెవిన పడింది. కొంగు దోపుకొని ముందుకు వచ్చింది.

"ఏమే సవితీ, నా మొగుడు చాలక ఇంకొకదాని మొగుడు కూడా కావల్సొచ్చినాడా? నడువు!"

ఆమె నడిచింది. గుర్రం తల దించుకొని వెనక నడిచింది. కళ్లెం ఎవరూ పట్టలేదు. వీరప్ప గుమ్మం దాకా తిట్లు ఆగలేదు, గుర్రమూ ఆగలేదు.

"అమ్మా, ఇంకా రెండు తెస్తాండా. నువ్వు చూసుకుంటావా?" అని దివాకర్ అడిగాడు.

"తిట్టొచ్చునా?"

"నీ ఇష్టం."

గురువారం రెండు గుర్రాలు వచ్చాయి. శుక్రవారం పొద్దున నాగలక్ష్మమ్మ గుమ్మం ముందు మూడింటికీ బెల్లం పెట్టి, గౌరి మెడ నిమిరి "బంగారూ" అంది. ఓబుళేసు మగ్గం చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది.